నా ఏడు రిసీవర్లు ఎవరితో మాట్లాడాలి? ఆర్‌సీ (రేడియో కంట్రోల్) రేడియోలు తయారుచేసే కంపెనీలకు బహిరంగ లేఖ

రిమోట్‌తో నడిచే మోడల్ కార్ల కోసం, చేతిలో పట్టుకునే ట్రాన్స్‌మిటర్లు, కారులో ఉండే రిసీవర్లు తయారుచేస్తున్న కంపెనీల వారందరికీ,

నమస్కారం.

నా దగ్గర ఏడు కార్లున్నాయి. ఏడింటికీ ఏడు రిసీవర్లు. అన్నిటినీ నడిపింది ఒకే ట్రాన్స్‌మిటర్, పిస్టల్‌లా పట్టుకునే రకంది. తొమ్మిదేళ్లు వాడాను. చివరికి దాని స్టీరింగ్ చక్రం కింద ఉండే, చక్రం ఎంత తిరిగిందో కొలిచే పొటెన్షియోమీటర్ అరిగిపోయింది. చక్రం వదిలేసినా కారు ఎడమకే లాగేది. ట్రిమ్‌తో మధ్యస్థానం ఎంత సరిచేసినా రెండు చుట్లు తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చేది. ఆ మోడల్ తయారీ అప్పటికే ఆగిపోయింది. అదే కంపెనీ కొత్త మోడల్ దొరికింది. పేరు దాదాపు అదే, చివర ఒక అంకె మారిందంతే. పెట్టె మీద 2.4 గిగాహెర్ట్జ్ అని పెద్ద అక్షరాల్లో ఉంది. నా పాత రిసీవర్ల మీదా అదే ఉంది. తెచ్చుకుని, ట్రాన్స్‌మిటర్‌నూ రిసీవర్‌నూ జతచేసే బైండ్ బటన్ నొక్కాను. మొదటి కారు పలకలేదు. రెండోదీ పలకలేదు. ఆ సాయంత్రం ఏడూ ప్రయత్నించాను. రిసీవర్ మీది ఎర్రదీపం మిణుకుమిణుకుమంటూనే ఉండిపోయింది.

రెండింటి బ్యాండ్ (రేడియో ఫ్రీక్వెన్సీల శ్రేణి) ఒకటే గానీ మాట్లాడే భాష వేరని తర్వాత తెలిసింది. మధ్యలో ఒక తరం మారింది. ఆ సంగతి పెట్టె మీద లేదు. లోపలి పుస్తకంలో వెనక పేజీలో, పనిచేసే రిసీవర్ల పట్టికగా ఉంది. పట్టికలో లేనివి పనిచేయవని కొన్నవాళ్లే అర్థం చేసుకోవాలి. ఆ కంపెనీ పేరు రాయను. ఇది ఒక్కరి పద్ధతి కాదు, మీలో చాలామంది పద్ధతి. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ ఏడు రిసీవర్లలో ఒక్కటీ చెడిపోలేదు. నన్ను బాధపెట్టింది అదే.

నేను ఈ అభిరుచిలోకి వచ్చిన రోజుల్లో ట్రాక్ దగ్గరికి వెళ్తే ముందు అడిగే మాట, నీది ఏ రంగు? బాడీ రంగు కాదు, ఫ్రీక్వెన్సీని నిర్ణయించే చిన్న క్రిస్టల్ రంగు. 27 మెగాహెర్ట్జ్‌లో ఆరు ఛానెళ్లుండేవి. గోధుమ రంగు 26.995, ఎరుపు 27.045, నారింజ 27.095, పసుపు 27.145, ఆకుపచ్చ 27.195, నీలం 27.255. నాది పసుపు. ఎవరిది ఏ రంగో దూరం నుంచే కనబడాలని యాంటెన్నా కొసకు ఆ రంగు రిబ్బను కట్టుకునేవాళ్లం. ట్రాక్ దగ్గరి బోర్డు మీద ఒక్కో రంగుకు ఒక్కో క్లిప్పు. పసుపు క్లిప్పు ఉంటే తీసి నా ట్రాన్స్‌మిటర్‌కు పెట్టుకోవాలి. లేకపోతే అది ఎవరి దగ్గరుందో వాళ్లు దిగేదాకా ఆగాలి. క్లిప్పు చేతిలో లేకుండా స్విచ్ వేయడం కన్నా పెద్ద తప్పు అక్కడ ఇంకొకటి లేదు.

ఆ తప్పు ఎలా ఉంటుందో నేను చూశాను. నా కారు నేరుగా ఉన్న దారిలో పూర్తి వేగంతో వెళ్తోంది. అప్పుడే కొత్తగా వచ్చిన ఒక పిల్లవాడు తన పసుపు ట్రాన్స్‌మిటర్ ఆన్ చేశాడు. నా చేతిలో చక్రం తిరుగుతూనే ఉంది గానీ కారు నా మాట వినలేదు. వెళ్లి గోడకు కొట్టుకుంది. ముందు సస్పెన్షన్ ఆర్మ్ రెండు ముక్కలైంది. పిల్లవాడు ఏడుపు ముఖం పెట్టాడు. వాడిది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు. ఆరుగురికి మించి చోటులేని బ్యాండ్ అది. పైగా సీబీ రేడియో (సామాన్యులు మాట్లాడుకునే చిన్న వైర్‌లెస్) వాళ్ల ఛానెళ్లు అదే బ్యాండ్‌లో మా ఛానెళ్ల సందుల్లోనే ఉండేవి. దగ్గర్లో ఎవరైనా సీబీలో మాట్లాడితే మా సర్వోలు (స్టీరింగ్ వగైరా తిప్పే చిన్న మోటార్లు) వణికేవి.

చోటు చాలకే దేశదేశాల్లో వేరే బ్యాండ్లు తెరిచారు. అమెరికాలో నేలమీది మోడళ్లకు 75 మెగాహెర్ట్జ్‌లో 61 నుంచి 90 దాకా ముప్పై ఛానెళ్లు ఇచ్చారు. 72 మెగాహెర్ట్జ్‌లో ఉన్న యాభై విమానాలవి, కార్లకు వాడకూడదు. బ్రిటన్‌లో 35 మెగాహెర్ట్జ్ విమానాలకు, 40 మెగాహెర్ట్జ్ కార్లకూ పడవలకూ. ఈ విభజనకు అర్థముంది. కారు అదుపు తప్పితే గోడకు కొట్టుకుంటుంది, విమానం అదుపు తప్పితే మనుషుల మీద పడుతుంది.

కాబట్టి ఆ రోజులు తిరిగి రావాలని నేను అడగడం లేదు. మూడు అడుగుల యాంటెన్నా, ఛాసిస్ చుట్టూ చుట్టకూడని రిసీవర్ తీగ, ట్రాన్స్‌మిటర్ క్రిస్టల్‌నూ రిసీవర్ క్రిస్టల్‌నూ తారుమారుగా పెట్టి గంటసేపు తల పట్టుకోవడం (రిసీవర్ క్రిస్టల్ మామూలుగా 455 కిలోహెర్ట్జ్ తక్కువ ఉండేది, పైకి రెండూ ఒక్కలాగే కనబడేవి), ఇవన్నీ పోయినందుకు సంతోషమే. ఒక్క విషయంలో మాత్రం ఆ కాలం కొన్నవాడికి న్యాయం చేసింది. ఏఎం అయితే ఏఎం, ఎఫ్ఎం అయితే ఎఫ్ఎం, రంగు ఒకటే అయితే చాలు, ఒక కంపెనీ ట్రాన్స్‌మిటర్ ఇంకో కంపెనీ రిసీవర్‌తో చాలావరకు పనిచేసేది. ఎఫ్ఎంలో షిఫ్ట్ (ఫ్రీక్వెన్సీ ఏ వైపు జరుగుతుందో అది) పాజిటివా నెగటివా అనే చిక్కు ఒకటుండేది, నిజమే. కానీ చేతిలోది చెడిపోతే పక్కవాడి దగ్గర అడిగి తెచ్చుకుని పోటీ పూర్తిచేసేవాళ్లం. ఆజ్ఞలను అంకెలుగా పంపే పీసీఎం పద్ధతి వచ్చాక ఎవరి సంకేతం వారిదైంది. 2.4 వచ్చాక ఆ తలుపు పూర్తిగా మూసుకుంది.

2.4 గిగాహెర్ట్జ్ చేసిన మేలు నాకు తెలుసు. ఆరు రంగుల మధ్య ఉన్న దూరమంతా కలిపితే 260 కిలోహెర్ట్జ్. ఇక్కడ 2400 నుంచి 2483.5 దాకా 83.5 మెగాహెర్ట్జ్ మైదానం. క్లిప్పుల బోర్డు అవసరం లేదు. యాంటెన్నాలో పనిచేసే భాగం మూడు సెంటీమీటర్లకు కాస్త పైన. ఒకే ట్రాక్ మీద ఎందరి కార్లు తిరుగుతున్నా ఎవరి రిసీవర్ వారి ట్రాన్స్‌మిటర్ గుర్తింపు సంఖ్యనే పట్టుకుని ఉంటుంది. చాలా సెట్లలో సంకేతం ఒక చోట నిలబడకుండా క్షణక్షణం ఫ్రీక్వెన్సీ మారుస్తూ గెంతుతుంది. ఈ గెంతే ఆలోచనకు 1942లో నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు, రేడియోతో నడిపే టార్పెడో కోసం. పియానోకు 88 మెట్లున్నట్టే 88 ఫ్రీక్వెన్సీలు. పంపేచోట ఒక చిల్లుల కాగితం చుట్ట, అందుకునేచోట అలాంటిదే ఇంకొకటి. రెండు చుట్టలూ ఒకటైతేనే మాట చేరుతుంది.

ఆ రెండు చుట్టలే ఈ రోజు మీరు దాచిపెట్టుకున్నవి. తమ భాషను ఎఫ్‌హెచ్3 అంటారు ఒకరు, తర్వాత ఎఫ్‌హెచ్4, ఎఫ్‌హెచ్5. టి-ఎఫ్‌హెచ్ఎస్ఎస్ అంటారు ఇంకొకరు. డీఎస్ఎంఆర్ ఒకరిది, ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ ఇంకొకరిది, మళ్లీ వారిదే ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 3. శత్రువు వినకూడదని యుద్ధకాలంలో పుట్టిన ఆలోచన ఇప్పుడు కొన్నవాడిని కట్టేసే తాడు అయింది. తాళం ఒకరి దగ్గర, చెవి ఇంకొకరి దగ్గర ఉన్నట్టుంది మా పని.

కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఏ ట్రాన్స్‌మిటర్ కొనమంటారు అని. వాళ్ల మనసులో ఉండేది రంగుల తెర, పట్టు ఎలా ఉంది, ఎన్ని ఛానెళ్లు, ఇవి. నేను ముందు రిసీవర్ చూడమంటాను. ట్రాన్స్‌మిటర్ ఒక్కసారి కొంటారు, రిసీవర్ ప్రతి కారుకూ కొంటారు. రెండో కారు కొన్న రోజున ఆ రిసీవర్ విడిగా దొరుకుతుందా? అయిదేళ్ల తర్వాత దొరుకుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు ఏ పెట్టె మీదా నాకు ఇంతవరకు కనబడలేదు.

ఛానెల్ అనే మాటే చూడండి. పాతకాలంలో ఛానెల్ అంటే ఫ్రీక్వెన్సీ. ఇప్పుడు పెట్టె మీద మూడు ఛానెళ్లు అంటే మూడు పనులు, అంటే స్టీరింగ్ ఒకటి, త్రాటిల్ ఒకటి, లైట్లకో గేరుకో ఇంకొకటి. ఒకే మాటకు రెండు అర్థాలు. మూడు ఛానెళ్లు కాబట్టి ముగ్గురు కలిసి నడపొచ్చని నమ్మి కొన్న తండ్రి ఒకాయన నాకు తెలుసు. ఆయన తెలివితక్కువవాడు కాదు. చెప్పాల్సింది పెట్టె చెప్పలేదు.

పిల్లల బొమ్మకార్లు చేసేవాళ్లు కూడా ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. 27 మెగాహెర్ట్జ్ మీదా 49 మెగాహెర్ట్జ్ మీదా నడిచే చిన్న కార్లలో ఆ అంకె అడుగుభాగంలో సూక్ష్మంగా అచ్చవుతుంది. ఇద్దరు పిల్లలకు ఒకే రకం రెండు కొంటే ఒకే రిమోట్‌కు రెండూ కదులుతాయి. ఆ అంకెను పెట్టె ముందువైపు, కారు బొమ్మ పక్కన వేయండి.

ఇక ఫెయిల్‌సేఫ్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది దెబ్బలు తగిలే విషయం. సంకేతం తెగిపోతే రిసీవర్ ఏం చేయాలి? త్రాటిల్ వదిలేయాలి, వీలైతే బ్రేక్ వేయాలి. కొన్ని రిసీవర్లు అలా చేస్తాయి. కొన్ని సర్వోకు సంకేతం పంపడమే మానేస్తాయి. కొన్ని చివరగా విన్న ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి. విద్యుత్ కారులో అయితే చాలా ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరాలు) సంకేతం ఆగగానే మోటారు ఆపేస్తాయి గానీ, రిసీవర్ పాత ఆజ్ఞనే పంపుతూ ఉంటే ఈఎస్‌సీకి తేడా ఎలా తెలుస్తుంది? నైట్రో ఇంజిన్ కారులో త్రాటిల్‌ను తిప్పేది సర్వో. సంకేతం తెగినా, రిసీవర్ బ్యాటరీ అయిపోయినా, స్ప్రింగు వెనక్కి లాగకపోతే కార్బురేటర్ తెరుచుకునే ఉంటుంది, ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది.

ఒక స్నేహితుడి కారుకు కొత్త రిసీవర్ నేనే బైండ్ చేశాను. ఆ రకం రిసీవర్‌లో బైండ్ చేసే క్షణంలో ట్రిగ్గర్ ఎక్కడుంటే అదే ఫెయిల్‌సేఫ్‌గా నమోదవుతుంది. ఆ మాట నాకు తెలియదు, ట్రిగ్గర్ మీద వేలు కొద్దిగా నొక్కి ఉంది. రెండు వారాల తర్వాత ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ చచ్చిపోయింది. కారు మెల్లగా, ఆగకుండా, ఎవరి చేతిలోనూ లేకుండా సాగిపోయింది. నేను పరిగెత్తి చేత్తో ఎత్తిపట్టుకున్నాను, చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న చంటిపిల్లకు దానికీ మధ్య పది అడుగుల దూరం ఉందేమో. అప్పటినుంచి ఏ కారు బైండ్ చేసినా చక్రాలు గాల్లో ఉండేలా స్టాండ్ మీద పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూసిగానీ నేలమీద దించను. ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత ట్రాన్స్‌మిటర్. ఎవరు అడిగినా మొదట నేర్పేది ఇదే.

ఫెయిల్‌సేఫ్ అన్న ముద్ర పెట్టె మీద ఉంటే సరిపోదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అది ఏం చేస్తుందో ఒక్క వాక్యంలో రాయండి. సంకేతం పోతే త్రాటిల్ తటస్థ స్థానానికి వస్తుంది. లేదా, మీరే అమర్చుకోవాలి. అంతే.

ఇదే కోవలో ఇంకొకటి. వేగంగా స్పందించే మోడ్‌లు పెట్టారు, మంచిదే. ఆ మోడ్‌లో మామూలు అనలాగ్ సర్వో పెడితే వేడెక్కి కాలిపోవచ్చు. ఆ హెచ్చరిక ఉండాల్సింది పెట్టె మీద, రిసీవర్ మీద. మెనూలో ఆ మోడ్ ఎంచుకోగానే తెర మీద కూడా రావాలి. పుస్తకం చదివి తెలుసుకునేలోపు సర్వో నుంచి పొగ రావచ్చు.

మీరిచ్చే జవాబు నాకు తెలుసు, మీ తరఫున మాట్లాడేవాళ్ల దగ్గర విన్నాను. మా భాష మా పోటీ బలం, స్పందన వేగం అందులోనే ఉంది, అందరికీ ఇస్తే అది పోతుంది అంటారు. ఇందులో నిజం ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 16.7 మీటర్లు వెళ్తుంది. పాత 20 మిల్లీసెకన్ల ఫ్రేములో, అంటే ఒక ఆజ్ఞకూ తర్వాతి ఆజ్ఞకూ మధ్య, 33 సెంటీమీటర్లు. దాన్ని 5 మిల్లీసెకన్లకు తెస్తే 8 సెంటీమీటర్లు. మలుపు లోపలి అంచును రాసుకుంటూ పోయే పోటీదారుకు ఆ పాతిక సెంటీమీటర్లు చాలా పెద్దవి. మీ వేగాన్ని మీరే ఉంచుకోండి. దాన్ని ఇంకా పెంచండి. అది అడగడం లేదు.

నేను అడిగేది దానితో పాటు ఒక మామూలు భాష. రెండు మూడు పనులకు సరిపడేంత, 20 మిల్లీసెకన్లైనా పర్వాలేదు, అందరి ట్రాన్స్‌మిటర్లలోనూ అందరి రిసీవర్లలోనూ ఉండే ఒక సాధారణ మోడ్. సొంత కంపెనీ రిసీవర్ అయితే మీ వేగవంతమైన భాషలో మాట్లాడనివ్వండి. కాకపోతే ఈ మామూలు భాషలోకి దిగనివ్వండి.

ఇది జరగని పని అనకండి, మీరే ఒకసారి చేసి చూపించారు. సర్వోను తీసుకోండి. ఏ కంపెనీదైనా 1.5 మిల్లీసెకన్ల పల్స్‌కు (చిన్న విద్యుత్ సంకేతానికి) మధ్యలో నిలబడుతుంది, 1 దగ్గర ఒక వైపు, 2 దగ్గర ఇంకో వైపు తిరుగుతుంది. కొన్ని గ్రాముల చిన్న సర్వో నుంచి పెద్ద ట్రక్కులో ఉండే లోహపు గేర్ల సర్వో దాకా అదే లెక్క. ఆ ఒక్క ఒప్పందం మీదనే ఈ అభిరుచి ఇంతకాలం నిలబడింది. ప్లగ్గు కూడా అంతే. ఒకప్పుడు మూడు తీగల వరుస అందరిదీ ఒకేలా ఉండేది కాదు. ఒకరి సర్వోను ఇంకొకరి రిసీవర్‌కు పెట్టాలంటే పిన్నులు ఊడదీసి మార్చుకోవాలి, పొరపాటైతే కాలిపోయేది. తర్వాత అందరూ సంకేతం ఒక అంచున, పాజిటివ్ మధ్యలో, నెగటివ్ ఇంకో అంచున అనే వరుసకు వచ్చారు. దానివల్ల ఎవరి సర్వోల అమ్మకాలూ పడిపోలేదు. నాలుగు కంపెనీలవి పెట్టి చూసి నచ్చినది కొంటున్నాం.

ఇదే 2.4 బ్యాండ్‌లో వైఫై ఉంది, బ్లూటూత్ ఉంది. ఎవరి ఫోనైనా ఎవరి రూటర్‌తోనైనా కలుస్తుంది. ఆ కంపెనీల మధ్య పోటీ మీ మధ్య పోటీకన్నా తక్కువదేమీ కాదు. చట్టం కూడా అడ్డు కాదు. ప్రభుత్వాలు చెప్పేది బ్యాండ్ గురించి, శక్తి గురించి, పక్కవాళ్లకు అడ్డుపడకుండా ఉండే పద్ధతి గురించి. ఐరోపాలో ఈ బ్యాండ్‌కు 100 మిల్లీవాట్ల హద్దు ఉంది. ఆ హద్దులో ఉన్నంతకాలం మీ రెండు పెట్టెలు ఏ భాషలో మాట్లాడుకుంటాయో మీ ఇష్టం. అందరూ ఒక భాష ఎంచుకోవడమూ మీ చేతిలోనే ఉంది.

మీరు ఎంచుకోకపోతే ఏం జరుగుతుందో విమానాలు, డ్రోన్లు ఎగరేసేవాళ్ల దగ్గర ఇప్పటికే కనబడుతోంది. అభిరుచి ఉన్న ప్రోగ్రామర్లు కూర్చుని మీ సంకేతాలను ఒక్కొక్కటే విప్పి, నాలుగు రేడియో చిప్‌లున్న ఒక్క మాడ్యూల్‌తో పదుల కొద్దీ భాషలు మాట్లాడిస్తున్నారు. ఇంకొందరు ఎక్స్‌ప్రెస్‌ఎల్ఆర్ఎస్ అనే తెరిచిన భాషను మొదటినుంచీ రాశారు. దాని రిసీవర్లను ఇప్పుడు అనేక కంపెనీలు చేస్తున్నాయి, బ్యాండ్, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి ప్రోగ్రామ్) సరిపోతే ఏదైనా ఆ భాష మాట్లాడే ఏ ట్రాన్స్‌మిటర్‌తోనైనా కలుస్తుంది. వాళ్ల శ్రమకు నాకు గౌరవం. కానీ కార్లవాళ్లం చాలామందిమి పిస్టల్ పట్టుకు అలవాటు పడినవాళ్లం. పెట్టె విప్పి కారు కట్టుకోవాలనుకునే పదేళ్ల పిల్లకు ఫర్మ్‌వేర్ ఎక్కించడం ముందు నేర్పాలనడం సరికాదు. ఆ పని మీది.

మీలో కొందరు ట్రాన్స్‌మిటర్ మెనూలో రిసీవర్ తరాన్ని ఎంచుకునే వీలు పెట్టారు. కొత్త ట్రాన్స్‌మిటర్ కొన్నా పాత తరం రిసీవర్‌ను అందులో ఎంచుకుంటే చాలు, కారు కదులుతుంది. ఆ కంపెనీల వినియోగదారులు ఎంత నిశ్చింతగా ఉంటారో నేను చూస్తున్నాను. మిగతావాళ్లు కనీసం అంతవరకైనా రండి. పాత భాషను కొత్త ట్రాన్స్‌మిటర్‌లో ఉంచండి. ఉంచలేకపోతే, ఒక తరం ఆపేస్తున్నారని ముందుగా చెప్పండి, దాని రిసీవర్లు ఇంకా ఎన్నేళ్లు దొరుకుతాయో చెప్పండి. ఆ తర్వాత ఆ భాష వివరాలను బయటపెట్టండి. అమ్మడం మానేసిన వస్తువు రహస్యం ఎవరికోసం?

సాధారణ మోడ్ మీద ఒప్పందానికి మీరంతా కూర్చుని మాట్లాడుకోవాలి, సమయం పడుతుందని తెలుసు. పెట్టె మీద అచ్చుకు సమయం పట్టదు. ఏ భాష, ఏ తరం, ఏయే రిసీవర్లతో కలుస్తుంది, సంకేతం పోతే ఏం చేస్తుంది, అనలాగ్ సర్వో ఏ మోడ్‌లో వాడొచ్చు, రిసీవర్‌కు ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా ఇవ్వొచ్చు. ఇంత సమాచారం అరచేయంత చోటులో పడుతుంది. వచ్చే విడత పెట్టెల మీదనే రావచ్చు.

నా ఏడు కార్లలో మూడింటికి కొత్త రిసీవర్లు కొన్నాను. మిగతా నాలుగు అల్మారాలో ఉన్నాయి, పాత రిసీవర్లు వాటిలోనే ఉన్నాయి, తీయలేదు. మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు